ఎర్ర టై

ఆస్ట్రేలియాలో ఉద్యోగికి యజమాని మీద కోపం వస్తే, వచ్చిన రోజునే చూపించడానికి లేదు. దానికో పద్ధతి ఉంది. ముందు యూనియన్ వెళ్ళి కార్మిక ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. ట్రిబ్యునల్ సరేనంటే సభ్యులంతా రహస్యంగా ఓటు వేయాలి. ఏ రకం నిరసనకు ఓటు వేస్తున్నారో బ్యాలెట్ పత్రంలోనే రాసి ఉండాలి. మెజారిటీ వచ్చాక కంపెనీకి కనీసం మూడు పనిదినాల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇన్ని మెట్లు ఎక్కితేనే ఆ నిరసనకు చట్టం రక్షణ ఇస్తుంది. ఒక్క మెట్టు దాటేసినా అది నిరసన కాదు, చట్టం రక్షణ లేని క్రమశిక్షణారాహిత్యం.

2011లో క్వాంటాస్ విమాన సంస్థలో దూరప్రయాణాల పైలట్లు ఈ మెట్లన్నీ ఓపిగ్గా ఎక్కారు. దరఖాస్తు పెట్టారు, ఓటు వేశారు, నోటీసు ఇచ్చారు. అన్నీ చేసి వాళ్ళు సంపాదించుకున్న హక్కు ఏమిటయ్యా అంటే, ఎర్ర టై కట్టుకోవడం.

నిజంగానే అంతే. కంపెనీ ఇచ్చిన యూనిఫారం టై విప్పేసి దాని బదులు ఎర్ర టై కట్టుకుని కాక్‌పిట్‌లో కూర్చోవడం వాళ్ళ నిరసన. దానికి తోడు మైకులో ఓ నాలుగు ముక్కలు. విమానం ఎంత ఎత్తులో ఎగురుతోందో, దిగబోయే ఊళ్ళో ఎండగా ఉందో వానగా ఉందో చెప్పే కెప్టెన్, చివర్లో ఇంకో మాట కలిపేవాడు: క్వాంటాస్ టికెట్ కొన్న ప్రయాణికుడి విమానాన్ని క్వాంటాస్ పైలటే నడపాలని మేం కోరుకుంటున్నాం అని. తర్వాత మామూలుగానే విమానాన్ని తీసుకెళ్ళి చెప్పిన టైముకు దించేవాడు. ఈ టై వల్ల గానీ ఆ మాటల వల్ల గానీ ఒక్క విమానం కూడా ఆగలేదు.

సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు ఈ సంస్థ విమానాలు తెలిసే ఉంటాయి. తోక మొత్తం ఎరుపు, దాని మీద తెల్లటి కంగారూ. అలాంటి విమానంలో పైలట్ ఎర్ర టై కట్టుకుంటే అది నిరసన అని ఎంతమందికి తట్టి ఉంటుందో నాకు అనుమానమే. యూనిఫారం మార్చారేమో, బాగానే ఉంది అనుకుని ఉంటారు.

ఇంత మెత్తని నిరసన ఎందుకు ఎంచుకున్నారంటే దానికి పాత చరిత్ర ఉంది. క్వాంటాస్ పైలట్లు అంతకుముందు ఆందోళనకు దిగింది 1966లో. అంటే 2011లో కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్ళలో చాలామంది అప్పటికి పుట్టనైనా లేదు. దానికంటే దగ్గరి జ్ఞాపకం 1989ది. ఆ ఏడాది ఆస్ట్రేలియాలో దేశవాళీ విమానాల పైలట్లు 29.47 శాతం జీతం పెంచమన్నారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకానే పనిచేస్తామన్నారు. విమాన సంస్థలు ఒక్కొక్క పైలట్ మీద విడివిడిగా కేసులు వేసేసరికి, పదహారు వందల మందికి పైగా మూకుమ్మడిగా రాజీనామా చేశారు. అప్పటి ప్రధాని బాబ్ హాక్ ఒకప్పుడు కార్మిక సంఘాల సమాఖ్యకే అధ్యక్షుడు. ఆయన పైలట్ల వైపు నిలబడలేదు సరికదా, ప్రయాణికుల్ని మోయడానికి వైమానిక దళం విమానాలను రంగంలోకి దించాడు. పైలట్లు ఓడిపోయారు. చాలామంది ఉద్యోగాలు వెతుక్కుంటూ దేశాలు పట్టిపోయారు. ఆ గొడవలో క్వాంటాస్ వాళ్ళు లేరు గానీ పాఠం అందరికీ అందింది. కష్టపెట్టకుండా నిరసన తెలపాలి, జనం తిట్టుకోకూడదు, చట్టం గీత దాటకూడదు. ఈ మూడూ కలిపి కుడితే వచ్చింది ఎర్ర టై.

ఇంతకూ వాళ్ళ బాధ ఏమిటి? క్వాంటాస్‌కు జెట్‌స్టార్ అనే చవక విమానాల కంపెనీ ఒకటుంది. 2004లో ఎగరడం మొదలుపెట్టింది. పెద్ద కంపెనీ తన డబ్బుతో చిన్న కంపెనీని పెంచడం, చిన్న కంపెనీ మెల్లగా పెద్ద కంపెనీ రూట్లలోకి రావడం, అక్కడి పైలట్లకు జీతాలూ షరతులూ వేరుగా ఉండడం, ఇదంతా చూస్తూ ఏ పైలటైనా లెక్కలు వేసుకోక మానడు. 2010లో కొత్త ఒప్పందం కోసం చర్చలు మొదలైనప్పుడు పైలట్ల యూనియన్ జీతం పెంపుతో పాటు ఒక నిబంధన అడిగింది. క్వాంటాస్ పేరుతో, క్వాంటాస్ నంబరుతో అమ్మే విమానం ఏదైనా సరే, దాన్ని నడిపేది క్వాంటాస్ షరతుల మీద పనిచేసే పైలటే అయ్యుండాలి. జీతం దగ్గర బేరం కుదిరేదే. పీటముడి ఈ నిబంధన దగ్గరే పడింది. విమానాలు ఎవరితో నడిపించాలో నేను తేల్చుకోవాలి గానీ మీరు కాదు అంది కంపెనీ.

కంపెనీ సీఈఓ అలన్ జాయిస్. డబ్లిన్‌లో పుట్టి, గణితం చదువుకుని, క్వాంటాస్ పగ్గాలు పట్టకముందు ఆ జెట్‌స్టార్‌కు మొదటి సీఈఓగా చేసిన మనిషి. అంటే పైలట్లు ఎవర్ని చూసి భయపడుతున్నారో, ఆ చిన్న కంపెనీని చేత్తో పెంచినాయన దగ్గరికే వచ్చి భయం చెప్పుకుంటున్నారన్నమాట. 2011 ఆగస్టులో ఆయన ఐదేళ్ళ ప్రణాళిక ప్రకటించాడు. వెయ్యి ఉద్యోగాలు తీసేస్తాం, ఆసియాలో ఇంకో కొత్త విమాన సంస్థ పెడతాం, జపాన్‌లో జెట్‌స్టార్ పెడతాం అన్నాడు. పైలట్లు టై ముడి ఇంకాస్త బిగించి ఉంటారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. అదే సమయంలో క్వాంటాస్‌లో ఇంకో రెండు యూనియన్లు కూడా గొడవలో ఉన్నాయి. ఒకటి ఇంజనీర్లది, ఒకటి సామాన్లు మోసే, బండ్లు నడిపే రవాణా కార్మికులది. వాళ్ళు టైలతో సరిపెట్టలేదు. గంటల లెక్కన పని ఆపారు, ఓవర్‌టైం మానేశారు. విమానాలు రద్దయ్యాయి, ఆలస్యమయ్యాయి, ప్రయాణికులు నిజంగానే విసిగిపోయారు. ఈ గొడవలన్నిటి వల్లా అప్పటికి 6.8 కోట్ల డాలర్లు నష్టపోయామని కంపెనీ చెప్పింది. ఆ లెక్కను ఒప్పుకున్నా సరే, అందులో ఎర్ర టై వాటా మాత్రం సున్నా.

అక్టోబర్ 28, శుక్రవారం. సిడ్నీలో వాటాదారుల సమావేశం. సీఈఓ జీతభత్యాలు 71 శాతం పెరిగి ఇంచుమించు 50 లక్షల డాలర్లకు చేరిన నివేదికకు వాటాదారులు భారీ మెజారిటీతో ఆమోదం తెలిపారు. బయట కార్మికులు అరిచారు, లోపల చేతులు లేచాయి.

మర్నాడు శనివారం సాయంత్రం ఐదు గంటలకు జాయిస్ విలేకరుల ముందుకు వచ్చాడు. క్వాంటాస్ విమానాలన్నీ ఈ క్షణం నుంచి ఆపేస్తున్నాను అన్నాడు. సోమవారం రాత్రి ఎనిమిది గంటల నుంచి ఆ మూడు యూనియన్ల పరిధిలోని ఉద్యోగులందరికీ లాకౌట్ అన్నాడు. మనకు సమ్మె తెలుసు, లాకౌట్ తెలుసు. లాకౌట్ సోమవారం నుంచి అయితే విమానాలు శనివారమే ఎందుకు ఆపాలన్నది అందరికీ వచ్చిన సందేహం. దానికి కంపెనీ చెప్పిన సమాధానం భద్రత. లాకౌట్ వార్త విన్న ఉద్యోగి మనసు చెదిరి ఉంటుంది, చెదిరిన మనసుతో విమానం నడపనివ్వడం ప్రమాదం అని. పైలట్ల మనసు గురించి కంపెనీ ఇంతగా ఆలోచించడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి కావచ్చు.

గాల్లో ఉన్నవి గమ్యం చేరాయి. నేల మీద ఉన్నవి ఉన్నచోటే ఉండిపోయాయి. 22 విమానాశ్రయాల్లో 108 విమానాలు ఆగాయి. సింగపూర్‌లో, లండన్‌లో, లాస్ ఏంజిలిస్‌లో పెట్టెల మీద కూర్చుని జనం ఫోన్లు చేసుకున్నారు. పెర్త్‌లో కామన్వెల్త్ దేశాధినేతల సమావేశం జరుగుతోంది. తిరుగు ప్రయాణానికి క్వాంటాస్ టికెట్లు పెట్టుకున్న నాయకులు అందులో చాలామందే ఉన్నారు. ఆ మంగళవారమే మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం, దేశమంతా పని మానేసి చూసే రోజు. రోజుకు 2 కోట్ల డాలర్లు పోతాయని కంపెనీ తనే చెప్పింది.

టై కట్టుకోవడానికి రహస్య ఓటింగ్, మూడు పనిదినాల నోటీసు కావాలని మొదట్లో చెప్పాను కదా. లాకౌట్‌కు ఓటింగ్ అక్కర్లేదు. ముందు ఉద్యోగులు ఏదో ఒక నిరసన మొదలుపెట్టి ఉంటే చాలు, దానికి జవాబుగా యజమాని తలుపులు మూయవచ్చు. ఇన్ని రోజుల ముందు చెప్పాలన్న గడువు కూడా లేదు. టై కట్టుకున్నందుకు జవాబుగా తలుపులు మూయవచ్చా అంటే, చట్టం దామాషా అడగలేదు. ఇక విమానాలు ఆపేయడానికి ఎవరికీ నోటీసు ఇవ్వనక్కర్లేదు, అది కంపెనీ నిర్వహణ వ్యవహారం. రవాణా మంత్రికి, అంటే తర్వాతి కాలంలో ప్రధాని అయిన ఆంథొనీ ఆల్బనీస్‌కు, ప్రకటనకు కొన్ని గంటల ముందే కబురందింది.

పెర్త్ సమావేశానికి ఆతిథ్యం ఇస్తున్న ప్రధాని జూలియా గిలార్డ్. లేబర్ పార్టీ, పేరులోనే శ్రామికులున్న పార్టీ. ఈ కార్మిక చట్టాన్ని 2009లో తెచ్చింది కూడా ఆవిడే, అప్పట్లో ఉపప్రధానిగా, కార్మిక వ్యవహారాల మంత్రిగా. చట్టంలో ఒక అధికారం ఉంది. మంత్రి తనే సంతకం పెట్టి గొడవను ఆపేయవచ్చు. ఆ సంతకం పెట్టకుండా ప్రభుత్వం ఆ రాత్రికి రాత్రే మెల్‌బోర్న్‌లో ఫెయిర్ వర్క్ ఆస్ట్రేలియా ట్రిబ్యునల్ తలుపు తట్టింది. దేశ ఆర్థిక వ్యవస్థలో ముఖ్యమైన భాగానికి పెద్ద నష్టం కలిగే ప్రమాదం ఉంటే ట్రిబ్యునల్ ఇరుపక్షాల ఆందోళననూ ఆపించగలదు. తాత్కాలికంగా అయినా సరే, శాశ్వతంగా అయినా సరే.

అసలు యుద్ధం ఈ రెండు మాటల మధ్యే జరిగింది. తాత్కాలికంగా ఆపితే కొన్నాళ్ళు చర్చించుకోవచ్చు, కుదరకపోతే యూనియన్లు మళ్ళీ ఆందోళన చేయవచ్చు. శాశ్వతంగా ఆపితే 21 రోజుల గడువు. ఈలోగా రాజీ కుదిరితే సరే, లేకపోతే ట్రిబ్యునలే మధ్యవర్తిగా కూర్చుని ఒప్పందం రాసిస్తుంది. అది ఇరువైపులా శిరసావహించాల్సిందే. యూనియన్లు తాత్కాలికం అన్నాయి. కంపెనీ శాశ్వతం అంది. తాత్కాలికం అయితే విమానాలు లేవవు, ఎప్పుడేమవుతుందో తెలియనప్పుడు టికెట్లు ఎలా అమ్మను అంది. ప్రభుత్వం కూడా మొదటి కోరికగా శాశ్వతమే అడిగింది.

శనివారం రాత్రి మొదలైన విచారణ ఆదివారమంతా నడిచింది. ట్రిబ్యునల్ అధ్యక్షుడు జస్టిస్ జెఫ్రీ జూడిచే, మరో ఇద్దరు సభ్యులు. సోమవారం తెల్లవారుజామున రెండు గంటలకు ఉత్తర్వు వచ్చింది.

పైలట్లు ఆ ఉత్తర్వు సగం దాకా చదివి ఉంటే పండగ చేసుకునేవారు. మూడు యూనియన్ల ఆందోళననూ కలిపి చూసినా పర్యాటక, విమానయాన రంగాలకు పెద్ద నష్టం కలిగే ప్రమాదం కనబడడం లేదని ట్రిబ్యునల్ తేల్చింది. ప్రమాదం కలిగించేది కంపెనీ ప్రకటించిన లాకౌట్ అని కూడా చెప్పింది. అంటే రెండు రోజులుగా దేశాన్ని నిలబెట్టేసింది ఎవరో అనుమానం లేకుండా రాసింది.

మిగతా సగంలో ఆదేశం ఉంది. నష్టం ప్రమాదం ఉంది కనుక ఆందోళనలన్నీ ఆపాలి. అందరివీ. శాశ్వతంగా. కంపెనీ లాకౌట్ ఆపాలి, ఇంజనీర్లు పని ఆపడం ఆపాలి, పైలట్లు టై విప్పాలి.

కంపెనీకి లాకౌట్ ఆపేయడం కష్టమా? సోమవారం రాత్రి మొదలు కావాల్సిన లాకౌట్ అది. మొదలు కాకుండానే ముగిసింది. ఆ రోజే విమానాలు మళ్ళీ లేచాయి. యూనియన్లు ఏళ్ళ తరబడి సంపాదించుకునే బేరసారాల బలాన్ని ఒక్క రాత్రిలో లాగేసుకోవాలంటే ఎంత నష్టం చూపించాలో కంపెనీ లెక్క వేసుకుంది, అంత నష్టం తెచ్చి చూపించింది. ఇల్లు తగలబెట్టినవాడే ఫైరింజను రప్పించి, మంటలార్పే నీళ్ళతో పక్కింటి పొయ్యి కూడా ఆర్పించుకున్నట్టు. గణితం చదువుకున్న మనిషి అని ముందే చెప్పాను.

21 రోజుల చర్చల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గడువు దాటితే మధ్యవర్తి దగ్గరికి వెళ్ళడమే కావాల్సిన పక్షం గడువు లోపల ఎందుకు దిగొస్తుంది? నవంబర్ 21తో గడువు ముగిసింది, రాజీ కుదరలేదు. ఆ మర్నాడే కంపెనీ ప్రచార విభాగం ట్విట్టర్‌లో ఒక పోటీ పెట్టింది. విమానంలో మీ కలల విలాసం ఏమిటో చెప్పండి, ఫస్ట్ క్లాస్ పైజామాలు బహుమతిగా ఇస్తాం అని. చెప్పిన టైముకు బయల్దేరడమే మా విలాసం, దారి మధ్యలో వదిలేయకపోవడమే మా విలాసం అనే ధోరణిలో వేలమంది జవాబులు ఇచ్చారు. ఈ ఉదంతం మొత్తంలో మనస్ఫూర్తిగా నవ్వుకోదగ్గ ఘట్టం ఇదొక్కటే.

పైలట్ల యూనియన్ ఊరుకోలేదు, ఫెడరల్ కోర్టుకు వెళ్ళింది. ప్రమాదాన్ని తెచ్చిపెట్టిందే కంపెనీ అయినప్పుడు మా హక్కు ఎందుకు పోవాలన్నది దాని ప్రశ్న. సామాన్యుడికి న్యాయంగా తోచే ప్రశ్నే. 2012 మే నెలలో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. ప్రమాదం ఉందా లేదా అన్నదే చట్టం అడుగుతుంది, తెచ్చింది ఎవరని అడగదు. శ్రామికుల పార్టీ ఎంతో శ్రద్ధగా రాసుకున్న చట్టం అది.

ఇంజనీర్లు ఈలోగా కంపెనీతో ఒక అవగాహనకు వచ్చేశారు. రవాణా కార్మికుల తీర్పు 2012లో వచ్చింది. పైలట్లది మాత్రం సాగింది. సాక్షులు, అంకెలు, నిపుణుల నివేదికలు. అది ముగిసేలోగా ట్రిబ్యునల్ పేరే మారిపోయింది, 2013 జనవరి 1 నుంచి ఫెయిర్ వర్క్ కమిషన్ అయింది. ఆ నెలలోనే పైలట్లకు తీర్పు వచ్చింది. జీతం పెరిగింది. క్వాంటాస్ విమానాన్ని క్వాంటాస్ పైలటే నడపాలన్న ఆ ఒక్క నిబంధనకు మాత్రం మధ్యవర్తులు ఒప్పుకోలేదు.

ఆ తీర్పు కాలపరిమితి తీరేదాకా క్వాంటాస్ పైలట్ నిరసనగా ఎర్ర టై కట్టుకుంటే అది చట్టవిరుద్ధం. 108 విమానాలు ఆపించినాయన 2023 సెప్టెంబర్ దాకా అదే కుర్చీలో ఉన్నాడు.